జానెడు మట్టి నడిచిన దూరం

24వ నడక, 301వ రోజు

ఆరో మడి 4.2. ఐదో మడి 2.8. నాలుగు 2.4. మూడు 4.9. రెండు 5.6. ఒకటి 6.3.

పొలం పుస్తకంలో ఈ ఆరు అంకెలు రాస్తే చాలంటారు పొలాల లెక్క చూసే వరస కచేరీ వాళ్ళు. ఉప్పు పుల్ల నాలుగు వేళ్ళ లోతు గుచ్చడం, అంకె చూడడం, రాయడం. పావుగంట పని. మిగతా పేజీ ఖాళీగా ఉంటుంది, నాకేమో ఖాళీగా కూర్చోవడం చేతకాదు, అందుకని రాస్తున్నాను.

మూడు లోపుంటే వరి పండుతుంది. ఐదు దాకా చోళ్ళు, అదే రాగులు, పండుతాయి. ఆరు దాటితే గడ్డి కూడా మొలవదు.

ఆరో మడి సముద్రం పక్కన ఉంది. ఒకటో మడి కొండ వైపు ఉంది. సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న మడిలో అన్నిటికంటే ఎక్కువ ఉప్పు ఎలా వస్తుంది?

అయ్యకి చెప్పాను. అయ్య బాతు చక్రాల్లో ఇరుక్కున్న నాచు పీకుతున్నాడు. బాతు అంటే మా మట్టి బండి. బురదలో అటూ ఇటూ ఊగుతూ నడుస్తుందని చిన్నప్పుడు నేనే ఆ పేరు పెట్టాను.

"పుల్ల పాడైపోనాది. కడిగి మళ్ళీ గుచ్చు," అన్నాడు.

"మూడు సార్లు కడిగినాను అయ్యా."

అయ్య లేచి నిలబడి కొండ వైపు చూశాడు. "అయితే ఆడి పనే."

ఆడంటే బైరాగి మామ. మా పై పొలం ఆయనది.

24వ నడక, 303వ రోజు

బైరాగి మామ తనే వచ్చాడు. అయ్య అన్న మాట ఎవరు చేరవేశారో తెలియదు.

"ఒరే అప్పలసూరీ! నా పేరేదో ఇనిపిస్తంది ఇక్కడ?"

"నీ పేరే. ఉప్పు మడి నాకు అంటగట్టీసినావు."

"నానా? ఆ మళ్ళో ఆరేళ్ళు వరి పండించుకుని తిన్నాను. ఉప్పు మళ్ళో వరి పండుతాదేటి?"

"తిన్నావు. సారమంతా పీల్చీసినావు. ఉప్పు మిగిల్చీసినావు."

"ఉప్పు మిగల్చడానికి నానేటి ఎండుచేపనా?"

అరుగు మీద చింతపండు పీచు తీస్తున్న మామ్మ కిసుక్కున నవ్వింది. అయ్య ఆమె వైపు చూసేసరికి తల దించుకుంది.

వరసలో పొలాలన్నీ తొలకరికి ముందు కొండ వైపు వంద బారలు జరుగుతాయి. మేము సముద్రం వైపు మడి వదిలేసి బైరాగి మామ కింది మడి తీసుకుంటాం. ఆయన తన పైవాళ్ళ మడి తీసుకుంటాడు. అలా కొండ దాకా అందరూ. పైకి చేరినవాళ్ళు కొండ అవతలి లోయలోకి దిగిపోతారు. వరసలో మేము ఆఖరివాళ్ళం.

అందరూ విత్తనాలు పట్టుకుని నడుస్తారు. మేము మట్టి పట్టుకుని నడుస్తాం. వదిలేసే మడిలో పై జానెడు మట్టిని బాతుతో గీకి, ఎత్తి, కొత్త మడిలో పరుస్తాం. ఊరు మునిగిన ఏడు తాత మొదలుపెట్టాడు. ఊళ్ళో కొబ్బరితోటలో మట్టి అది. అప్పట్నించీ మాతోనే ఉంది.

"మీది పొలం కాదురా, పెళ్ళోరి సామాను," అన్నాడు బైరాగి మామ వెళ్తూ వెళ్తూ. "ఏటేటా ఎక్కించుకోడం, దించుకోడం."

"కచేరీకి రాస్తాను," అన్నాడు అయ్య.

మామ ఆగాడు. ఇంక నవ్వలేదు. ఉప్పు మడి అప్పగించాడని తేలితే ఆయన్ని వరసలోంచి తీసేస్తారు. తేలకపోతే మమ్మల్ని తీసేస్తారు. ఒకటో మడి వరసగా మూడేళ్ళు ఐదు దాటితే పొలం నిలిపెయ్యాలని నియమం. మాకిది మూడో ఏడు. నిలిపేస్తే అంతస్తుల ఊరికి పంపిస్తారు. అక్కడ ఎనిమిదో అంతస్తులో అయ్య ఏం చేస్తాడో ఊహించడానికి ప్రయత్నించాను. కిటికీ దగ్గర నిలబడ్డాడు. అంతకంటే ఇంకేమీ కనిపించలేదు నాకు.

24వ నడక, 309వ రోజు

అంకెలు అవే. ఒకటి మాత్రం 6.4 అయింది.

తాత వేసిన పటం మా ఇంటి దూలానికి వేలాడుతుంది. అరవై వరసలు. ఏ ఏడు పొలం ఎక్కడుండాలి, ఏ మడిలో ఏం వెయ్యాలి, పనికి ఎవరుంటారు అన్నీ అందులో ఉన్నాయి. అరవయ్యో వరసలో 'కొండ కింద. ఆగే చోటు' అని రాసి ఉంది. సముద్రం అక్కడికి ఎక్కదట. పని చేసేవాళ్ళ గడిలో నా పేరొక్కటే ఉంది. ఆ పేరు రాసినప్పుడు నేను పుట్టి వారమైందట.

ఇవాళ పనేమీ లేక సైకిలెక్కి వెళ్ళి చూసొచ్చాను. బైరాగి మామ పొలం దాటి, ఆ పైవాళ్ళవి దాటి, ఎగువకి తొక్కుతూ పోయాను. అరగంటలో నా యాభయ్యారో ఏటికి చేరుకున్నాను.

అక్కడేమీ లేదు. గులకరాళ్ళు, ఎర్రటి గట్టినేల, తుమ్మ పొదలు. నడిచేవాళ్ళంతా దాని మీదుగా దాటిపోతారు కాని ఎవరూ గింజ వెయ్యరు. ఆఖరివాళ్ళం కాబట్టి మా వంతుకొచ్చిన చోటు.

బండ మీద కూర్చున్నాను. ఎప్పుడూ ఎక్కడో ఒకచోటికి పారిపోవాలని ఉంటుంది నాకు. నా చదువు కూడా నా వల్లే ఆగింది. ఒకే ఏడు బడిని ఐదు నడకల దూరం పైకి మార్చేశారు. ఎగువకి అంత దూరం వెళ్ళి ఒకచోట కూర్చోవడమా అని మానేశాను. మరి అక్కడ ఆ బండ మీద కూర్చుంటే పారిపోవాలనిపించలేదు. కింద సముద్రం, దాని పక్కన తువ్వాలంత మా ఆరో మడి కనపడ్డాయి. అమ్మ గుర్తొచ్చింది. గంటసేపు అలాగే ఉండిపోయాను.

అమ్మ పోయింది పంతొమ్మిదో నడకలో. జ్వరం, నాలుగు రోజులు. మా వాళ్ళు పోతే బూడిదని పొలం మట్టిలో కలుపుతారు. తాతనీ అలాగే కలిపారు. అమ్మని కలిపినప్పుడు అది ఒకటో మడి. తర్వాతి ఏడు రెండో మడి అయింది, ఆ తర్వాత మూడు. ఈ ఏడు ఆరో మడి. అంటే ఈ నడకలో అమ్మ మట్టిని ఎత్తుకుని కొండవైపుకి తెచ్చుకోవాలి. అయ్య బాతుకి కొత్త గొలుసు అందుకే వేయించాడు. చక్రాల్లో నాచు అందుకే పీకుతున్నాడు.

24వ నడక, 314వ రోజు

ఒకటి 6.4.

ఇంకో సంగతి రాయాలి. రాసి కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యలేదు.

పొద్దున ఒకటో మడిలో పుల్ల గుచ్చితే మళ్ళీ అదే అంకె. వేసిన ఉలవలన్నీ మాడిపోయి నేల మీద అంటుకుపోయి ఉన్నాయి. కోపం వచ్చి పుల్లని మడమతో తొక్కాను. మోచేతి దాకా ఉండే పుల్ల పిడి వరకూ దిగిపోయింది. విరిగిందేమోనని వంగి చూశాను.

1.1.

ఇంకోచోట తొక్కాను. 1.0. రెండో మడిలో తొక్కాను. 1.2. మూడో మడిలోనూ అంతే. పైన నాలుగు వేళ్ళ లోతులో ఐదు, ఆరు. జానెడు దాటితే తియ్యటి నేల. బైరాగి మామ ఆరేళ్ళు వరి పండించుకు తిన్న నేల అది.

ఉప్పు ఉన్నది పై జానెడులోనే. ఆ జానెడు మేము తెచ్చింది.

మామ్మ దగ్గరికి వెళ్ళి చారెడు మట్టి చూపించాను. ఆమె నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. చెయ్యి చీరకి తుడుచుకుని మళ్ళీ చింతపండు అందుకుంది.

"మామ్మా, ఆరో మళ్ళో నాలుగే సూపిస్తంది గదా. ఇక్కడికొచ్చేసరికి ఆరెలగైంది?"

"పులుసు పొయ్యి మీద ఇగిరితే ఏటవుతాది?"

"ఉప్పెక్కుతాది."

"మరదే. అక్కడ తడి మీద ఉన్నాది, తెలీలేదు. పైకి తెచ్చి ఆరబెడితే తేలీసింది. ముందు వానలుండీవి, కడిగీసీవి. మూడేళ్ళయి వానలేవి?"

నేను ఆమె మొహం చూశాను. "నీకు ముందే తెలుసేటి?"

"రెండేళ్ళయి తెలుసు."

"మరి సెప్పీలేదేటి?"

మామ్మ చింతపిక్క ఒకటి వేలితో నొక్కి బయటికి తీసింది. "మీ అయ్య ఆ మడి ఆరోది ఎప్పుడవుతాదా అని ఏళ్ళు లెక్కెట్టుకుంటన్నాడు. ఆడికి ఎవులు సెప్తారు? నువ్వు సెప్తావేటి?"

చెప్పలేదు.

24వ నడక, 322వ రోజు

అయ్య రాసిన ఫిర్యాదు చూసి కచేరీ నుంచి సుభాషిణి మేడం వచ్చింది. కచేరీ గొడుగు వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఒకటో మడిలో దిగింది. అయ్య పటం కిందికి దించి తెచ్చాడు. బైరాగి మామ దూరంగా గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. ఆయన్నలా నోరు మూసుకుని చూడడం అదే మొదటిసారి.

మేడం నాలుగు వేళ్ళ లోతు గుచ్చింది. "ఆరు పాయింట్ ఐదు. అప్పలసూరి గారూ, ఈ మడి మీకు ఎప్పుడు అప్పగించారు?"

"మొన్న నడకలోనండి. ఈ మూడేళ్ళూ ఆడిచ్చిన మళ్ళన్నీ ఇలగే ఉన్నాయండి."

"బైరాగి గారూ, మీరేమంటారు?"

"అనీదేటుందండి. నాలికెట్టి సూసి ఇచ్చినాను. తియ్యగా ఉండీది. నా మాటకి సాక్షెవులు? నాలికే."

మేడం రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి కాగితం మీద కదులుతుంటే బైరాగి మామ పెద్ద కోడలు పైన మడిలో నాట్లు సవరించుకుంటూ కనపడింది. అయిదో నెల కడుపు. ఒంగలేక ఒంగుతోంది.

"మేడం," అన్నాను. "పుల్లని మడమతో తొక్కండి."

"ఏమిటీ?"

"పిడి దాకా."

అయ్య నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. మేడం తొక్కింది. వంగి అంకె చూసి, ఇంకోచోట తొక్కింది. నాలుగు చోట్ల చూశాక పుస్తకంలో రాసిందంతా అడ్డంగా కొట్టేసింది.

బైరాగి మామ గెలిచినట్టు అరుస్తాడనుకున్నాను. ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, అయ్య దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెయ్యలేదు. ఇంటికి వెళ్ళిపోయాడు.

అయ్య అన్నది ఒక్క మాట. "నువ్వే సెప్పాలేటిరా?"

24వ నడక, 330వ రోజు

అయ్య ఎనిమిది రోజులుగా నాతో మాట్లాడలేదు. కంచం ముందు ఉప్పు కావాలంటే మామ్మతో చెప్తాడు. మామ్మ నాతో చెప్తుంది. నేను అందిస్తాను. ఉప్పు గురించి కూడా మనిషిని మధ్యలో పెట్టాలా అంటుంది మామ్మ. ఎవరూ నవ్వరు.

ఇవాళ కచేరీ పాకలో కూర్చోబెట్టారు. మేడం తిన్నగా చెప్పింది.

"మూడు మళ్ళ పైమట్టీ గీకి సముద్రంలో పడెయ్యాలి. ఇక మీదట మట్టి మొయ్యకూడదు. అప్పుడు కూడా నిలిపెయ్యకుండా ఉండాలంటే, అరవయ్యో ఏటికి ఆ గులకరాళ్ళ మీద మీ పొలం బతుకుతుందని నాకు నమ్మకం కలగాలి. మీ పటంలో ఇక్కణ్ణించి మట్టి తీసుకెళ్తారని ఉంది. మొయ్యకపోతే అక్కడ మట్టెక్కడిది?"

అయ్య పటం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"అక్కడే తయారుచేస్తాం," అన్నాను.

"ఎవరు?"

"నేను. ఇప్పుడే వెళ్తాను. ఆకు, పేడ, గడ్డి, నాచు. ఉన్న రెండు మంచి మళ్ళతో అయ్యా మామ్మా నడుస్తూ వస్తారు. ముప్పయ్యారేళ్ళుంది కదా. వాళ్ళొచ్చేసరికి మట్టి ఉంటుంది."

అంత పొడుగు మాట నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. మేడం కళ్ళజోడు తీసింది. "అంత ముందుకి ఎవరూ వెళ్ళలేదు నీలాచలం. చుట్టుపక్కల ఇల్లుండదు. ఏళ్ళ తరబడి పంటుండదు. నువ్వు బడిలోనే నిలవలేదని నీ చీటీలో ఉంది."

వాకిట్లోంచి బైరాగి మామ గొంతు వినపడింది. పిలవకుండానే వచ్చి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "పంపించీండి మేడం. ఆడు ఇక్కడా ఒక దగ్గిర కూకోడు. అక్కడైతే కూకోడానికి చోటే నేదు, సరిపోతాది."

మేడం నవ్వింది. కొత్త పటం కాగితం తీసి అయ్య ముందు పెట్టింది. పొలం అయ్య పేరున ఉంది కాబట్టి వేలిముద్ర అయ్యదే పడాలి.

"ఆరో మడి?" అన్నాడు అయ్య.

"ఎత్తకూడదు అప్పలసూరి గారూ. గుప్పెడు కూడా."

అయ్య చెయ్యి బల్ల మీదే ఉంది. ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. అప్పుడు మామ్మ, అంతసేపూ మూల కూర్చున్నది, లేచి వచ్చింది.

"ఏలరా సూరీ? నా కోడలు వరాలు ములిగిపోతాదనేగదా? అక్కడేటున్నాదిరా? మన ఊరే. మన తోట. మీ అయ్య తవ్వించిన నుయ్యి. నాను పోదుమన్నా పోలేను. అదైనా ఎల్తాది. ఎల్లనీ."

అయ్య ఆమె మొహంలోకి చూశాడు. వేలు సిరాలో పెట్టాడు.

24వ నడక, 365వ రోజు

ఆరో మడి 4.6. మిగతావి రాయలేదు.

వదిలేసే మడి గట్టుని ఆ ఇంటివాళ్ళే తెగ్గొట్టాలి. నీళ్ళు నెమ్మదిగా వస్తాయి, పై గట్టు మీద ఒత్తిడి పడదు. ఏటా అయ్యే తెగ్గొడతాడు. అప్పటికి మట్టి ఎత్తేసి ఉంటాం కాబట్టి ఖాళీ గిన్నెలోకి నీళ్ళు పోసినట్టుండేది.

ఈసారి మట్టి మళ్ళోనే ఉంది.

అయ్య పార తీసుకుని వెళ్తుంటే వెనకే వెళ్ళాను. వద్దనలేదు. మడి మధ్యలో ఆగాడు. ఆ మట్టి నల్లగా, మెత్తగా, కాలి వేళ్ళ మధ్యకి వచ్చింది.

"నీకు గేపకం ఉన్నాదేటి," అన్నాడు. నలభై రోజుల తర్వాత నాతో మాట. "మీ అమ్మ బారలు కొలిసీది."

గుర్తుంది. కొత్త మడి వంద బారలు కొలిచేటప్పుడు అయ్యకి నడుం నొప్పి అంటే అమ్మ కొలిచేది. చేతులు బార్లా చాపి, ఒక్కో బార గట్టిగా లెక్కపెడుతూ. అమ్మ చేతులు చిన్నవి. ఆమె కొలిచిన ఏళ్ళల్లో మా మడి అయిదారు బారలు తక్కువొచ్చేది. బైరాగి మామ ఆ ఏడంతా సంతోషంగా ఉండేవాడు.

"ఒకేడు నాను కసిరినాను," అన్నాడు అయ్య. "నీ వల్ల నేల పోతందని. అయితే మీ పొడుగు సేతులతో మీరే కొలుసుకోండి అన్నాది. అంతే. ఆ ఏడే పోనాది."

అయ్య గట్టు దగ్గరికి వెళ్ళి పార ఎత్తాడు. మూడు వేట్లకి నీళ్ళు లోపలికి తొంగిచూశాయి. నాలుగో వేటుకి వచ్చేశాయి. ముందు సన్నగా, కాలవ మడిలోకి వచ్చినట్టే వచ్చాయి. చీలమండల దాకా చల్లగా తగిలాయి.

నేను కిందికి వంగాను. ఎందుకు వంగానో తెలియదు. ఇన్నాళ్ళూ ఈ మట్టి మొయ్యడం దండగని మనసులో అనుకున్నవాణ్ణి నేనే. మేడంతో చెప్పినవాణ్ణి నేనే. గుప్పెడు మట్టి నా చేతిలో ఉంది. లుంగీ మడతలో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

"ఒగ్గీరా," అన్నాడు అయ్య.

"గుప్పెడే అయ్యా."

"గుప్పెడే. మా అయ్యా అలగే అన్నాడు. ఒగ్గీ."

వదలలేకపోయాను. వేళ్ళు రాలేదు. అయ్య పార నీళ్ళలో వదిలేసి వచ్చి, నా చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచాడు. తన చేత్తోనే నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. నల్లగా కరిగి పోయింది. నా గోళ్ళు కూడా కడిగాడు, చిన్నప్పుడు అమ్మ కడిగినట్టు.

25వ నడక, 2వ రోజు

ఆగే చోటు. అంకె 0.3. నేల తియ్యగా ఉంది కాని నేలే లేదు.

కచేరీ కొత్తగా వేసిన కంచె దగ్గర కాపలావాడు నా చక్రాలు కడిగాడు, చెప్పులు కడిగాడు. సంచి బోర్లించి దులిపాడు. కింది మట్టి రవ్వంత కూడా పైకి రాకూడదని మేడం హుకుం. రెండు తాటాకు చాపలు, గునపం, తట్ట, ఉప్పు పుల్ల. పాక వేసుకున్నాను. తుమ్మకొమ్మలు నరికి పేర్చాను. బైరాగి మామ ఎరువు పంపిస్తానన్నాడు, "మా గేదె ఎంత ఎడితే అంత" అని. చూడాలి ఎంత ఎడుతుందో.

25వ నడక, 29వ రోజు

0.3.

వానలు మొదలయ్యాయి. మూడేళ్ళ తర్వాత వానలా పడ్డ వాన. ఆకు తట్టలు తట్టలు మోసి రాళ్ళ మీద పరుస్తున్నాను. వాన దాన్ని కిందికి ఈడ్చుకుపోతుంది. నేను మళ్ళీ మోస్తున్నాను. ఇప్పటికి నేను తయారుచేసిన మట్టి రెండు గుప్పిళ్ళుంటుందేమో.

ఇంటికి అరగంట దూరం. కావాలంటే వెళ్ళి మామ్మ చేతి అన్నం తిని రావచ్చు. రెండుసార్లు వెళ్ళాను. ఎవరూ పొమ్మనలేదు, అయినా చుట్టం ఇంటికి వెళ్ళినట్టుంది. నేను అక్కడ గడిపిన ఏళ్ళు వెనకున్నాయి, వాళ్ళు ఇక్కడికి రావాల్సిన ఏళ్ళు ముందున్నాయి. ఆ మధ్యలో సైకిలు తొక్కుతున్నాను.

ఇక్కణ్ణించి అంతా కనపడుతుంది. ఆరో మడి ఉన్నచోట నీళ్ళు రేకులా మెరుస్తాయి. సాయంత్రం నాలుగింటికి అయ్య పని ముగించి అటు వెళ్తాడు. తెగ్గొట్టిన గట్టు మీద నిలబడతాడు. ఇంత దూరం నుంచి చీపురుపుల్లంత ఉంటాడు. నేను చూస్తున్నానని ఆయనకి తెలియదు. ఆయన వెళ్ళేదాకా నేనూ పని మానేసి నిలబడతాను.

25వ నడక, 47వ రోజు

0.3.

అయ్య ఇవాళా వెళ్ళాడు. ఇవాళ కూర్చున్నాడు. వానలో.

బైరాగి మామ గేదె ఎరువు వచ్చింది. కోడలికి ఆడపిల్ల పుట్టిందని కబురు కూడా వచ్చింది. నెలలు నిండకుండానే పుట్టిందట, పిడికెడంత ఉందట, కాని అరుపు మాత్రం తాతదేనట.

25వ నడక, 64వ రోజు

కచేరీ నుంచి పదకొండు మొక్కలు వచ్చాయి. ఎనిమిది జీడి, మూడు పనస. ఆరేళ్ళకి మడి వదిలేసే మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు చెట్టు నాటలేదు. తెచ్చిన మనిషి, గుంటలు పెద్దవి తవ్వమని చెప్పి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మొదటి గుంట దగ్గర గులకరాళ్ళతో కుస్తీ పడుతుంటే కంచె వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్నారు. భుజం మీద గునపం. అడుగులు చూసి పోల్చుకున్నాను.

"కాళ్ళు కడిగించినాడురా ఆడు," అన్నాడు అయ్య వస్తూనే. "గోళ్ళ సందుల్లో పుల్లెట్టి మరీ తీసినాడు. పెళ్ళికొడుక్కి కూడా అంత సెయ్యరు."

"తిన్నావా అయ్యా?"

"మామ్మ గెంజి ఇచ్చింది, నీకూ ఉన్నాది." ముంత బండ నీడలో పెట్టి చుట్టూ చూశాడు. రాళ్ళు, తుమ్మ పొదలు, నా పాక. నా ఆకుమట్టి దిబ్బ దగ్గర వంగి చిటికెడు తీసి వాసన చూశాడు. యథాస్థానంలో పెట్టి, మీద అరచేత్తో తట్టాడు.

"ఇవి కాయడానికెన్నేళ్ళు?"

"జీడి నాలుగు. పనస ఎనిమిది."

"ఆరేళ్ళకి ఒగ్గీ..." అని ఆగాడు. కాసేపు పనస మొక్క ఆకులు చూశాడు. "ఇక్కడ నడవం గదా."

"నడవం."

"ఊఁ. ఎక్కడ తవ్వమంటావు?"

పుట్టిన దగ్గర్నుంచి ఎక్కడ గీకాలో, ఎక్కడ పరవాలో అయ్యే చెప్పేవాడు. చేత్తో చూపించాను.

గునపం దింపాడు. రాయి పెకిలించాడు, పక్కన పెట్టాడు, మళ్ళీ దింపాడు. జానెడు దిగగానే అలవాటుగా ఆగిపోయి గునపం గుంట అంచుకి ఆనించాడు. గుంట వైపు, నా వైపు చూశాడు.

"సాలదేటి? ఎంత లోతు?"

"నడుం లోతు."

"నడుం లోతే! మొక్కకా, ఏనుక్కా?"

"వేరు దిగాలి కదా అయ్యా."

అరచేతుల్లో ఉమ్ముకుని మళ్ళీ గునపం అందుకున్నాడు. నేను పక్క గుంట తవ్వాను. ఎండ మీదికొచ్చేసరికి ఆయన మోకాళ్ళు దాటి దిగాడు. నాలుగు గంటలయింది. సముద్రం వైపు వెళ్ళే వేళ. నేను ఒకసారి అటు చూశాను. ఆయన చూడలేదు. మట్టిపెళ్ళల చప్పుడు లోపలి నుంచి వస్తూనే ఉంది.

"గెంజి తాగుదువుగాని, పైకి రా అయ్యా," అన్నాను.

"నువ్వే దిగు," అన్నాడు.

ముంత పట్టుకుని దిగాను. ఇద్దరికి ఇరుకుగా ఉంది. లోపల నేల చల్లగా ఉంది.